ఫ్రీ ప్యాలెట్లు ఎక్కడ దొరుకుతాయి, వాటితో వ్యాపారం ఎంతవరకు నడుస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: కొంపల్లిలో తెరవబోయే ఒక కేఫ్‌కి 12 టేబుళ్లు, 24 బెంచీలు చేసివ్వమని అడిగారు, అదీ ప్యాలెట్ (లారీల్లో, గోడౌన్లలో సరుకు కింద వేసే చెక్క బల్ల) చెక్కతోనే కావాలన్నారు. హైదరాబాద్‌లో ప్యాలెట్లు ఫ్రీగా ఎక్కడ దొరుకుతాయి, దొరికితే దీన్నే వ్యాపారంగా పెట్టుకోవచ్చా అని మీ సందేహం. ప్యాలెట్లు, మిషన్ల పెట్టెలు తయారుచేసే పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు సూటి జవాబు. ఫ్రీగా దొరుకుతాయి. శాంపిల్ చేయడానికి, చేయి తిరగడానికి, ఇంటికో స్నేహితుడికో నాలుగు వస్తువులు చేయడానికి అవి చక్కగా సరిపోతాయి. కానీ ఫలానా తేదీకి ఫలానా సైజులో ఇన్ని టేబుళ్లు ఇస్తానని మాటిచ్చే పనికి ఫ్రీ ప్యాలెట్లనే నమ్ముకోవద్దు. చెక్కకు డబ్బు పెట్టకపోయినా ఆ ఖర్చంతా కూలీలోకి, బండి కిరాయిలోకి, వృథాలోకి వచ్చి చేరుతుంది. ఎలాగో కింద లెక్క వేసి చూపిస్తాను.

దొరికే చోట్ల సంగతి చూద్దాం. అందరూ ముందు పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్తారు. అక్కడ పని కాదు. పెద్ద కంపెనీల్లో పనికిరాని చెక్క కూడా స్క్రాప్ కిందే లెక్క. ఏడాదికోసారి కాంట్రాక్టు ఇచ్చేస్తారు, కాంట్రాక్టర్ వచ్చి కాటా వేసి ఎత్తుకుపోతాడు. సెక్యూరిటీ వాళ్లు మంచివాళ్లే అయినా గేట్ పాస్ లేకుండా ఒక్క పలక కూడా బయటికి పంపలేరు. మీరు వెళ్లాల్సింది చిన్నవాళ్ల దగ్గరికి. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, నాచారం వైపు పది, ఇరవై మందితో నడిచే యూనిట్లు బోలెడు. వాళ్లకు ముడిసరుకు ప్యాలెట్ల మీద వస్తుంది, తిరిగి పంపే పని ఉండదు, షెడ్డులో జాగా ఉండదు. యజమాని అక్కడే ఉంటాడు కాబట్టి అవునో కాదో అప్పటికప్పుడే తేలిపోతుంది.

అంతకంటే మంచి చోటు ఈమధ్య ఒకటి తయారైంది: ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్లు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక ఈ పని బాగా పెరిగింది. ఇప్పుడొచ్చే పెద్ద ప్యానెల్ పొడవు 2 మీటర్ల పైనే, కాబట్టి దాని ప్యాలెట్‌కు కూడా అంత పొడవు చెక్కలుంటాయి. మామూలు ప్యాలెట్‌లో అంత పొడవు పలక మీకు జన్మలో దొరకదు. బిగించేవాళ్లకు చిన్న ఆఫీసు తప్ప గోడౌన్ ఉండదు, ఆ చెక్క వాళ్లకు తలనొప్పి. ఎత్తుకెళ్తామంటే సంతోషంగా ఇస్తారు. లిఫ్టులు బిగించే అపార్ట్‌మెంట్ సైట్లూ అంతే. లిఫ్టు సామాను చెక్క పెట్టెల్లో వస్తుంది, బిగింపు అయిపోయాక ఆ పెట్టెలు సెల్లార్‌లో పడి ఉంటాయి. సైట్ ఇంజినీర్‌ని అడగండి. వాచ్‌మన్ వాటిని పొయ్యిలోకి వాడుకుంటుంటే ఆయనకో వంద చేతిలో పెట్టి తెచ్చుకోవడం న్యాయం. ప్రింటింగ్ ప్రెస్సులు, టైల్స్, శానిటరీ షోరూములు, గాజు పలకల దుకాణాలు కూడా అడగదగ్గవే. టైల్స్ క్రేట్లలో చెక్క సన్నగా ఉంటుంది, ఫర్నిచర్‌కు పెద్దగా పనికిరాదు.

సమయం కూడా చూసుకోవాలి. దసరా ముందు ఆయుధపూజకు ప్రతి షాపూ, ప్రతి షెడ్డూ శుభ్రం చేస్తారు. ఏడాదంతా మూలన పడి ఉన్నదంతా ఆ వారంలో బయటికొస్తుంది. మార్చి నెలాఖరులో స్టాకు లెక్కలప్పుడూ అంతే. ఈ రెండు సమయాల్లో ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచుకున్నవాళ్లకే ఎక్కువ దొరుకుతుంది. అడిగేటప్పుడు "ఎన్ని ఉన్నా మొత్తం తీసుకెళ్తాను, విరిగినవి కూడా" అనండి. ఏరుకుని మంచివి మాత్రమే తీసుకెళ్లేవాడిని రెండోసారి పిలవరు.

గోడౌన్ బయట గోడకు ఆనించి ఉన్నంత మాత్రాన అవి పారేసినవని అనుకోవద్దు. అడగకుండా తీస్తే దొంగతనమే. నీలం రంగు వేసి చెప్ (CHEP) అని రాసి ఉన్న ప్యాలెట్లను అసలు ముట్టుకోకండి. అవి అద్దెకు తిరిగేవి, ఎన్ని చేతులు మారినా అద్దెకిచ్చే కంపెనీ సొత్తే. మన దేశంలో లీప్ ఇండియా లాంటి సంస్థలు కూడా ఇలాగే అద్దెకిస్తాయి. గోడౌన్‌లో ఎవరో హమాలీ "తీసుకుపో అన్నా" అన్నా సరే, అమ్మడానికీ ఇవ్వడానికీ అతనికి హక్కు లేదు. అలాంటి చెక్కతో చేసిన టేబుల్ కేఫ్‌లో నలుగురి కళ్ల ముందు ఉంటుందని గుర్తుంచుకోండి. ఇక యజమానే ఇష్టపడి ఇచ్చినా, కంపెనీ లెటర్‌హెడ్ మీద "ఇన్ని పాత ప్యాలెట్లు ఫలానావారికి ఇచ్చాం" అని ఒక్క ముక్క రాయించుకోండి. దారిలో బండి ఆపితే అదే చూపించాలి, రేపు మీ ఖాతాల్లో సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికీ అదే ఆధారం.

తెచ్చుకున్న ప్యాలెట్‌ను పనిలో పెట్టే ముందు దాని మీది ముద్ర చదవాలి. దేశాలు దాటి వచ్చిన ప్యాలెట్ అయితే పక్క చెక్క మీద కాల్చిన ముద్రో, ఇంకు ముద్రో ఉంటుంది: గోధుమ కంకి బొమ్మ, రెండక్షరాల దేశం కోడ్, చెక్కకు పురుగు చంపే ట్రీట్‌మెంట్ చేసినవాళ్ల నంబరు, చివర ట్రీట్‌మెంట్ గుర్తు. ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం 2002లో వచ్చింది, ఈ ముద్ర దాని ప్రకారం వేసేదే. చివర హెచ్‌టీ అని ఉంటే వేడి చేసిన చెక్క. చెక్క నడిబొడ్డు 56 డిగ్రీలకు చేరి అరగంట అలాగే ఉండేలా వేడి చేశారని అర్థం. అది మీకు పనికొస్తుంది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించినది. అది విషవాయువు, ఓజోన్ పొరకూ చేటు, యూరోపియన్ యూనియన్ 2010లోనే దాన్ని మానేసింది. మనుషులు కూర్చునే, తినే చోట పెట్టే వస్తువుకు ఎంబీ చెక్కను నేనైతే వాడను, మీరూ వాడకండి, పొయ్యిలో కూడా పెట్టకండి. డీబీ అంటే బెరడు తీసిన చెక్క అని మాత్రమే.

ఇక్కడ చాలామంది ఒక మాట మరిచిపోతారు. హెచ్‌టీ ముద్ర చెప్పేది ఆ రోజున చెక్కలో పురుగు చచ్చిందని, అంతే. ఆ తర్వాత దాని మీద ఏం ఒలికిందో ముద్ర చెప్పదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపు మందుల కంపెనీలు, కెమికల్ కంపెనీలు ఎక్కువ. అక్కడి ప్యాలెట్ ఎంత శుభ్రంగా కనిపించినా ఫర్నిచర్‌కు తీసుకోవద్దనే చెప్తాను. చెక్క ద్రవాన్ని పీల్చుకుంటుంది, పైన చిత్రిక పట్టినా లోపలిది పోదు. చెక్కలోని రసాయనం ఎంత దూరం పాకుతుందో తెలియాలంటే అమెరికాలో జరిగింది చూడండి. టైలనాల్ అనే నొప్పి మాత్రలు ముక్కిన వాసన వస్తున్నాయని, కడుపులో తిప్పుతోందని జనం ఫిర్యాదు చేస్తే, 2009 చివరలో, 2010 మొదట్లో తయారీదారు మెక్‌నీల్ పెద్దయెత్తున సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ప్యాకింగ్ సామాను మోసిన చెక్క ప్యాలెట్లకు పట్టించిన రసాయనం నుంచి పుట్టిన వాసన అది. సీసాలో, మూత కింద ఉన్న మాత్రలకే అలా పట్టిందంటే, ఆ చెక్క మీద ప్లేటు పెట్టుకుని తినే మనిషి సంగతి ఆలోచించండి. మరక ఉన్నా, జిడ్డున్నా, దగ్గరగా పెట్టుకుని చూస్తే ఘాటు వాసన ఉన్నా పక్కన పడేయండి.

ముద్రే లేకపోతే? మన దేశంలోనే తిరిగే ప్యాలెట్లకు ముద్ర అక్కర్లేదు, కాబట్టి మీకు దొరికేవాటిలో ఎక్కువ అలాంటివే ఉంటాయి. వాటిలో మామిడి, సిల్వర్ ఓక్, యూకలిప్టస్, కేరళ నుంచి వచ్చే రబ్బర్ చెక్క, ఏదీ తెలియనిదైతే అందరూ జంగిల్ వుడ్ అనేది, అన్నీ కలిసే ఉంటాయి. వీటిలో రబ్బర్ చెక్కకు, మామిడికి పుచ్చు త్వరగా పడుతుంది. పలక మీద గుండుసూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు, తట్టితే మైదాలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. అది ఒక్క టేబుల్‌తో ఆగదు, కేఫ్‌లో ఉన్న మిగతా ఫర్నిచర్‌కూ పాకుతుంది. అప్పుడు వాళ్లు ఫోన్ చేసేది మీకే. అనుమానం ఉన్న చెక్కకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించి ఆరబెట్టడం పాత పద్ధతి, బాగానే పనిచేస్తుంది. పురుగు కళ్లకు కనిపించేదాకా వచ్చిన చెక్కను మాత్రం బాగుచేసే ప్రయత్నం వద్దు.

ఇక మీ ఆర్డర్ లెక్క. మన దగ్గర ఎక్కువగా దొరికే ప్యాలెట్ 1200 మిల్లీమీటర్లు పొడవు, 1000 వెడల్పు. మూడు దూలాల (పై పలకలకూ కింది పలకలకూ మధ్య ఉండే మందపాటి చెక్కల) రకం తీసుకుందాం. పైన 7 పలకలు, కింద 3, ఒక్కో పలక ప్రతి దూలం దగ్గరా రెండు మేకులతో పట్టి ఉంటుంది. అంటే ఒక ప్యాలెట్‌కు 60 మేకులు. పలక పొడవు 1000 కాబట్టి, చివర్ల చీలికలు పోగా చేతికొచ్చేది 900. కేఫ్ వాళ్లు 4 అడుగుల టేబుల్ అడిగితే అతుకు లేకుండా ఈ పలకలతో రాదు, అది ముందే చెప్పేయండి. 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు టేబుల్ అనుకుందాం. చిత్రిక పట్టాక పలక వెడల్పు 90 మిగిలితే, ఒక టేబుల్‌కు 7 పలకలు, అడుగు వెడల్పు బెంచీకి 4 పలకలు కావాలి. 12 టేబుళ్లకు 84, 24 బెంచీలకు 96, మొత్తం 180 పలకలు.

ఒక ప్యాలెట్‌లో 10 పలకలున్నా, విరిగేవి, వంకరవి, పుచ్చువి పోగా ఆరు మంచివి వస్తే మీ అదృష్టం. అంటే 30 ప్యాలెట్లు. అవి కూడా ఒకే మందం, ఒకే జాతి చెక్క అయితేనే. పది చోట్ల నుంచి తెచ్చినవాటిలో ఒకటి 15 మిల్లీమీటర్లుంటే ఇంకొకటి 22 ఉంటుంది. రంగు కలవాలంటే ఇంకో పది ఎక్కువే తెచ్చుకోవాలి. 30 ప్యాలెట్లంటే 1800 మేకులు. గట్టి చెక్కలో మెలి మేకులు దిగితే ఒక ప్యాలెట్ విప్పి మేకులు పీకడానికి మనిషికి ముప్పావుగంట పడుతుంది. 30కి ఇరవై రెండున్నర గంటలు, ఇద్దరు మనుషులకు రోజున్నర పని. ఇంకా చిత్రిక మొదలే కాలేదు.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూడండి. 900 పొడవు, 90 వెడల్పు, 15 మందం ఉన్న 180 పలకలంటే ఎంత చెక్క? ఎనిమిది సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) కూడా లేదు. కోతలో, చిత్రికలో పోయేది కలిపి కొన్నా 11 సీఎఫ్‌టీ. మీ దగ్గరి టింబర్ డిపోకి వెళ్లి ప్యాకింగ్ పెట్టెలకు వాడే పైన్ చెక్క రేటు అడిగి 11తో హెచ్చవేయండి. పక్కన ఇద్దరి రోజున్నర కూలి, నాలుగైదు చోట్ల తిరగడానికి ట్రాలీ ఆటో కిరాయి, మేకు తగిలి పోయే బ్లేడ్ల ఖర్చు, మీ సొంత సమయం, నలభై ప్యాలెట్లు పెట్టుకునే జాగా అద్దె రాయండి. చాలామంది ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడరు. చూస్తే ఫ్రీ చెక్క ఎంత ఖరీదైనదో కాగితం మీదే తెలిసిపోతుంది. పైగా డిపో పలకల్లో ఎండినవి చూసి ఎంచుకోవచ్చు. వానాకాలంలో బయట నానిన ప్యాలెట్ పలకతో టేబుల్ చేస్తే, ఏసీ గదిలోకి వెళ్లిన నెలలో పలకల మధ్య సందులొస్తాయి, అంచులు లేస్తాయి.

అయినా ప్యాలెట్లే విప్పాలనుకుంటే ఈ పద్ధతి పాటించండి. పలక చివర గునపం పెట్టి లేపకండి, మేకు దగ్గర నిలువునా చీలిపోతుంది. సర్క్యులర్ రంపంతో రెండు బయటి దూలాల లోపలి అంచు వెంట కోసేయండి. అప్పుడు పలకను నడి దూలం మీది రెండు మేకులే పట్టి ఉంచుతాయి. పలక కింద, దూలానికి రెండు వైపులా సమానంగా ఒత్తిడి పడేలా రెండు కొమ్ముల లీవర్ పెట్టి లేపితే పలక నిండుగా వస్తుంది. మీకు కావాల్సిన 900 పొడవూ అలాగే దక్కుతుంది. రెసిప్రోకేటింగ్ (ముందుకూ వెనక్కీ ఆడే) రంపానికి లోహం కోసే బ్లేడు వేసి మేకులనే కోసే పద్ధతి ఇంకా త్వరగా అవుతుంది, కానీ మేకు ముక్క పలకలోనే ఉండిపోతుంది. ఆ పలకను చిత్రిక మిషన్‌లో పెట్టకండి, ఇసుక కాగితం మిషన్‌తోనే సరిపెట్టుకోండి. ఏ పలకైనా మిషన్‌లోకి వెళ్లే ముందు చేతి మెటల్ డిటెక్టర్‌తో ఒకసారి చూసుకోవాలి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

కాళ్లకు మాత్రం దూలాల జోలికి వెళ్లకండి. మేకులు నిండిన గట్టి చెక్క అది. వెల్డింగ్ షాపులో ఇనుప ఫ్రేములు చేయించండి. కేఫ్‌లో రోజూ జరిపే బల్లకు అవే నిలుస్తాయి, అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, మీ పని సగం తగ్గుతుంది.

వ్యాపారం సంగతి అడిగారు. అసలు ఇబ్బంది సరఫరా దగ్గరే. ఈ నెల ముప్పై ఇచ్చిన యూనిట్ వచ్చే నెల ప్లాస్టిక్ ప్యాలెట్లకు మారిపోవచ్చు, లేదా స్క్రాప్ వ్యాపారి కిలోకి ఇంతని రేటు ఇస్తానని వచ్చి ఉండొచ్చు. బిర్యానీ హోటళ్లు, బేకరీలు, బాయిలర్లు నడిపేవాళ్లు చెక్కను వంటచెరకు లెక్కన కొంటారు కాబట్టి ఏ చెక్కకైనా ఏదో ఒక ధర ఉంటుంది. మీకు ఫ్రీగా ఇచ్చినవాడు ఆ ధర తెలియక, లేదా మొహమాటానికి ఇస్తున్నాడు. అది ఎక్కువ కాలం సాగదు. అందుకే నా సలహా ఏమిటంటే, మంచి సరుకు వచ్చే రెండు మూడు చోట్లు దొరికితే వాళ్లకు మీరే ఒక్కో ప్యాలెట్‌కు ఎంతో కొంత ఇస్తానని చెప్పండి. ఫలానా రోజు బండి వస్తుందని మాటిచ్చి నిలబెట్టుకోండి. డబ్బిచ్చిన నాటి నుంచి మీరు విరిగినవి వద్దనగలరు, బిల్లు అడగగలరు. పారిశ్రామికవాడల దగ్గర పాత ప్యాలెట్లు కొని, బాగుచేసి, సైజులవారీగా అమ్మేవాళ్లున్నారు. ఒకే రకం యాభై కావాలంటే వాళ్ల దగ్గర కొనడమే తేలిక. రేపు ఏ ఆఫీసో మీకు ఆర్డర్ ఇస్తే జీఎస్టీ బిల్లు అడుగుతుంది, అప్పుడు మీ కొనుగోలుకూ కాగితం ఉండాలి.

కొందరు ఫ్రీ ప్యాలెట్లను అలాగే బాగుచేసి ఎగుమతిదారులకు అమ్మాలని చూస్తారు. గుంటూరు మిర్చికో, చిత్తూరు మామిడి గుజ్జుకో, చీమకుర్తి గ్రానైట్‌కో వెళ్లే ప్యాలెట్‌కు సరైన ముద్ర ఉండి తీరాలి. ప్యాలెట్‌లో మూడో వంతు కంటే ఎక్కువ చెక్క మార్చితే పాత ముద్ర చెరిపేసి, మళ్లీ ట్రీట్‌మెంట్ చేయించి కొత్త ముద్ర వేయించాలి. అంతకంటే తక్కువ మార్చినా, కొత్తగా వేసే ముక్క ట్రీట్‌మెంట్ అయినదే కావాలి. ఆ ముద్ర వేసే అధికారం కేంద్ర మొక్కల సంరక్షణ, క్వారంటైన్ డైరెక్టరేట్ గుర్తింపు ఉన్నవాళ్లకే ఉంది. ముద్ర సరిగా లేకపోతే అవతలి రేవులో కంటైనర్ ఆగుతుంది, సరుకుతో సహా తిప్పి పంపినా పంపుతారు. ఆ నష్టం ముందు మీ ప్యాలెట్ ధర ఏపాటిది? గుర్తింపు లేకుండా ఈ పనిలో వేలు పెట్టవద్దు. మన ఊళ్లోనే బియ్యం బస్తాల కింద, సిమెంటు గోడౌన్‌లో నేల తేమ తగలకుండా వేసుకోవడానికి అమ్ముకుంటే ఏ ఇబ్బందీ లేదు. ర్యాకుల మీద ఎత్తులో పెట్టేవాళ్లకు మాత్రం బాగుచేసిన పాతవి ఇవ్వకండి. దూలం విరిగితే కింద మనుషులుంటారు.

ఈ కేఫ్ ఆర్డర్‌కు నేనైతే ఇలా చేస్తాను. ఫ్రీగా తెచ్చిన మూడు ప్యాలెట్లతో ఒక టేబుల్, ఒక బెంచీ శాంపిల్ చేసి చూపిస్తాను. వాళ్లకు కావాల్సింది పాత చెక్కేనా, లేక ఆ మేకు గుర్తులున్న గరుకు అందమా అని అడుగుతాను. ఎక్కువమందికి రెండోది చాలు. అప్పుడు మిగతావి డిపో పైన్‌తో చేసి, కొత్త చెక్క అని బిల్లులో స్పష్టంగా రాస్తాను. పాత చెక్కే కావాలంటే రేటు పెంచి, గడువు నెలన్నర అడిగి, సగం అడ్వాన్సు తీసుకుంటాను. టీ, కాఫీ ఒలికే బల్లలు కాబట్టి పలకల మధ్య సందులు ఎపాక్సీ జిగురుతో నింపి, పైన పీయూ (పాలీయూరిథేన్) కోటింగ్ వేయండి. అడుగు భాగానికి కూడా అదే కోటింగ్ వేయాలి. ఒక వైపే వేస్తే రెండో వైపు తేమ పీల్చి పలక దోనెలా వంగుతుంది.

ఇప్పటికే మీ దగ్గర ప్యాలెట్లు ఉంటే పలక అంచు, ముద్ర దగ్గరగా కనిపించేలా ఫొటోలు పెట్టండి. ఏ చెక్కో, ఏవి ఉంచుకోవాలో, ఏవి తీసేయాలో చూసి చెప్తాను.